మంటలార్పి వచ్చాక కుప్పకూలిన సహోద్యోగి: మా గుండెలను ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న: షిఫ్టు ఇన్‌ఛార్జి, అగ్నిమాపక విభాగం

అందరికీ నమస్కారం. నేను 19 ఏళ్ళుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను. ఇప్పుడు ఏడుగురున్న షిఫ్టుకు బాధ్యత నాదే. రెండు నెలల క్రితం ఒక గోదాములో మంటలార్పి తెల్లవారుజామున స్టేషనుకు తిరిగొచ్చాం. తడిసిన హోస్ పైపులు చుడుతుండగా, మా సహోద్యోగి ఒకరు కోటు కూడా విప్పకుండా బండి మెట్టు మీద కూర్చుని ఎడమ దవడ రుద్దుకోవడం చూశాను. ఏమైందని అడిగితే "గ్యాస్ పట్టేసినట్టుంది, కాసేపట్లో సర్దుకుంటుంది" అన్నారు. నేను సరేనని మళ్ళీ పైపుల దగ్గరికి వెళ్ళిపోయాను. పావుగంట తిరక్కుండానే ఆయన పక్కకు ఒరిగిపోయారు. ఛాతీ నొక్కుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం, కానీ ప్రాణం దక్కలేదు.

ఆయన వయసు 46. ఆరు నెలల ముందు జరిగిన వైద్య పరీక్షలో బీపీ, బరువు, ఈసీజీ అన్నీ బాగున్నాయనే రాశారు. అంత మంటల్లో నిలబడిన మనిషి, మంటలారిపోయాక ఎందుకు పడిపోయారు? మిగిలిన ఆరుగురి విషయంలో నేను చేయగలిగింది ఏమిటి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1: గుండె వైద్యుడు

మీ సహోద్యోగి మరణానికి నా సానుభూతి. ఆయన గురించి నిర్ధారణగా చెప్పడానికి నా దగ్గర రిపోర్టులు లేవు గనుక, మీ వృత్తిలో సాధారణంగా జరిగేది చెబుతాను.

అమెరికాలో 1994 నుంచి 2004 వరకు విధుల్లో చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది వివరాలను పరిశీలిస్తే, 45 శాతం మరణాలకు కారణం గుండె జబ్బేనని తేలింది. మంటలార్పే పనికి పట్టేది వారి మొత్తం పని సమయంలో 1 నుంచి 5 శాతమే అయినా, గుండె జబ్బు మరణాల్లో 32 శాతం ఆ పనితోనే ముడిపడి ఉన్నాయి. స్టేషనుకు తిరిగొచ్చే దారిలోనూ, వచ్చాక కొద్దిసేపటికీ జరిగిన మరణాలు కూడా తక్కువేమీ కావు.

దీనికి కారణం ఒక్కటి కాదు. నిద్రలో ఉన్న మనిషిని అలారం లేపగానే గుండె వేగం అమాంతం పెరుగుతుంది. ఆ వెంటనే 20 కిలోలు దాటిన దుస్తులు, ఊపిరికి వాడే గాలి సిలిండరు మోస్తూ మెట్లెక్కాలి. చెమట బయటికి ఆరిపోయే దారి లేని కోటు లోపల ఒంటి వేడి పెరుగుతుంది, చెమట రూపంలో నీరు పోయి రక్తం చిక్కబడుతుంది, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు చురుకెక్కుతాయి. పని ఆగిన తరువాత కూడా ఈ మార్పులు వెంటనే వెనక్కి తగ్గవు. రక్తనాళంలో అప్పటికే కొవ్వు పేరుకున్న పూడిక ఉంటే, అది చిట్లి గడ్డ కట్టడానికి ఆ గంటా రెండు గంటలే అనువైన సమయం. మంటలారిపోయాక ఎందుకు పడిపోయారన్న మీ ప్రశ్నకు నాకు తోచే సమాధానం ఇదే.

ఇక ఈసీజీ సంగతి. పడుకోబెట్టి తీసే ఈసీజీ, విశ్రాంతిలో ఉన్న గుండెను మాత్రమే చూపిస్తుంది. నాళం సగానికి పైగా పూడుకుపోయినా అందులో ఏమీ కనిపించకపోవచ్చు. కాబట్టి 40 దాటినవారికి, అంతకంటే చిన్నవారైనా బీపీ, షుగర్, పొగ తాగే అలవాటు, ఇంట్లో గుండెపోటు చరిత్ర ఉన్నవారికి ట్రెడ్‌మిల్ పరీక్ష (కదిలే పట్టీ మీద నడిపిస్తూ ఈసీజీ తీయడం) అవసరమో కాదో వైద్యుడితో తేల్చుకోండి. ఆ పరీక్షను మామూలు మనుషులకు చేసినట్టు మధ్యలో ఆపేస్తే మీకు ఉపయోగం తక్కువ. మీ పనికి 12 ‘మెట్’ల (MET) స్థాయి ఓర్పు కావాలని సాధారణంగా చెబుతారు (మెట్ అంటే ఊరికే కూర్చున్నప్పుడు శరీరం వాడే ఆక్సిజన్ కొలత), కనుక ఆయాసమో నొప్పో వచ్చేదాకా, లేదా ఆ స్థాయి చేరేదాకా పరీక్ష సాగాలి. ఏళ్ళ తరబడి బీపీ ఉన్నవారికి గుండె గోడ మందమైందేమో ఎకోలో (గుండె స్కానింగ్‌లో) చూడాలి. విధుల్లో గుండె ఆగి చనిపోయినవారి పోస్టుమార్టం నివేదికల్లో చాలామందికి పూడికతో పాటు గుండె పెరిగి ఉండటం కూడా కనిపించింది.

జవాబు 2: అంబులెన్స్ ఉద్యోగి

డాక్టర్ గారు చెప్పినదానికి పొగ సంగతి కూడా జోడిస్తాను, ఎందుకంటే ఘటనాస్థలంలో నేను ఎక్కువగా చూసే పొరపాటు అక్కడే ఉంది. మంటలు కనబడకపోయేసరికి అందరూ మాస్కులు తీసేసి, బూడిద కెలికి నిప్పు మిగిలిందేమో వెతుకుతారు. ఆ సమయంలోనే కార్బన్ మోనాక్సైడ్ దండిగా వెలువడుతూ ఉంటుంది. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, గుండె వేగంగా కొట్టుకుంటున్నా దాని కండరానికి ప్రాణవాయువు చాలదు.

వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటరును ఇక్కడ నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కిస్తుంది. 98 చూపిస్తోంది కదా అని తలనొప్పితో ఉన్న మనిషిని మళ్ళీ లోపలికి పంపడం నేను కళ్ళారా చూశాను. తలనొప్పి, వికారం, తికమక ఉంటే అంకె ఎంతైనా సరే, ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రికి పంపాలి.

గుండె ఆగినప్పుడు విద్యుత్ షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం మీ బండిలోనే ఉండాలి, స్టేషను గదిలో కాదు. లయ తప్పి గుండె ఆగిపోయినవారికి షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

జవాబు 3: అగ్నిమాపక ఉద్యోగి, వయసు 38

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నాకు రెండేళ్ళుగా బీపీ ఉంది. మాత్రలు వేసుకుంటున్న సంగతి మా అధికారులకు చెప్పలేదు. చెబితే బండి మీద నుంచి తీసి ఆఫీసులో కూర్చోబెడతారేమోనన్న భయం. వైద్య పరీక్ష రోజున మాత్ర తప్పకుండా వేసుకుంటాను, మిగతా రోజుల్లో అప్పుడప్పుడు మానేస్తాను. నాలాంటివారు మా స్టేషన్లో నేనొక్కడినే కానని నా నమ్మకం.

జవాబు 4: గుండె వైద్యుడు

తమ్ముడూ, ధైర్యం చేసి రాసినందుకు సంతోషం. మీకు ప్రమాదం మాత్రల వల్ల కాదు, వాటిని మానేసిన రోజుల వల్ల. అదుపులో ఉన్న బీపీతో ఈ ఉద్యోగం చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. అయితే మీరు చేసే పని ఏమిటో మందు రాసే వైద్యుడికి తప్పక చెప్పండి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మందులు ఆ వేడిలో ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి, మరికొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. మీకు సరిపడే మందు వేరే ఉండవచ్చు. ఆ మార్పు వైద్యుడే చేయాలి, మీ అంతట మీరు ఆపకండి.

మీ శాఖ మీద కూడా ఒక బాధ్యత ఉంది. జబ్బు బయటపెట్టినవారికి ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నంతకాలం, ఎంత మంచి పరీక్షలు పెట్టినా సిబ్బంది దాచుకుంటూనే ఉంటారు.

జవాబు 5: షిఫ్టు ఇన్‌ఛార్జి

అందరికీ కృతజ్ఞతలు. చదివాక నిన్నటి నుంచే కొన్ని మార్చాను. సిలిండర్ మార్చుకోవడానికి బయటికి వచ్చిన ప్రతి ఒక్కరూ కోటు, హెల్మెట్ విప్పి, నీళ్ళు తాగి, కనీసం 20 నిమిషాలు కూర్చోవాలి. నాడి నెమ్మదించాకే మళ్ళీ లోపలికి. పైపులు కడగడం, చుట్టడం తదుపరి షిఫ్టువారికి అప్పగించేందుకు వారి ఇన్‌ఛార్జి ఒప్పుకున్నారు. ఛాతీ, దవడ, భుజం, వీపు, ఎక్కడ బరువుగా అనిపించినా అది గ్యాసో కాదో తేల్చే పని మనది కాదని, వెంటనే అంబులెన్స్ పిలవాలని అందరికీ చెప్పాను.

38 ఏళ్ళ తమ్ముడికి ఒక మాట. నిన్న రాత్రి నా షిఫ్టువాళ్ళను కూర్చోబెట్టి, నాకు షుగర్ ఉందని, నాలుగేళ్ళుగా మందులు వాడుతున్నానని మొదటిసారి చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఇద్దరు తమ మాత్రల పేర్లు చెప్పారు. సోమవారం ముగ్గురం కలిసి ట్రెడ్‌మిల్ పరీక్షకు వెళుతున్నాం.