డ్యూటీ మారేటప్పుడు నర్సుల అప్పగింత రోగి మంచం దగ్గరే జరగాలా?

కర్నూలు, రోగి కుమారుడు:
డ్యూటీ దిగే సిస్టర్ నర్సుల గదిలో కేస్ షీట్లు ముందు పెట్టుకొని, వచ్చే సిస్టర్‌కు వార్డును అప్పగించడం మన దగ్గర అలవాటు. ఆ పని రోగి మంచం దగ్గరే, రోగి వింటుండగా జరగాలని నా అభిప్రాయం. ఇక్కడి ఒక ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుండగా మా అమ్మ చెయ్యి సూది చుట్టూ వాచి, ముట్టుకుంటే చల్లగా తగిలింది. అమ్మ ఆ మాట చెప్పిన సిస్టర్ కాసేపటికే డ్యూటీ దిగిపోయారు. కేస్ షీట్‌లో సెలైన్ నడుస్తున్నట్టే ఉండడంతో, తర్వాత వచ్చిన సిస్టర్‌కు మేము మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. అప్పగింత అమ్మ ఎదుటే జరిగి ఉంటే ఆ చెయ్యి ఇద్దరి కళ్లా పడేది. అప్పగింతలో సమాచారం జారిపోకుండా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే ఆసుపత్రులకు సూచించింది.

కడప, స్టాఫ్ నర్సు:
సార్, అమ్మగారు పడిన ఇబ్బంది నిజమే. కానీ మా వార్డులో మంచానికీ మంచానికీ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటే ఉంటుంది, పక్క మంచం వాళ్లకు ప్రతి మాటా వినిపిస్తుంది. పెళ్లికాని అమ్మాయి గర్భం సంగతి, రోగికి చెప్పవద్దని ఇంట్లోవాళ్లు బతిమాలుకున్న క్యాన్సర్ సంగతి అక్కడ ఎలా మాట్లాడమంటారు? హెచ్ఐవి వివరాన్ని రోగి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టమే నిషేధించింది.

అనంతపురం, నర్సింగ్ అధ్యాపకురాలు:
మేడమ్, గోప్యమైనవి గదిలోనే చెప్పుకోవాలి, అందులో రాజీ లేదు. సెలైన్, నొప్పి, కట్టు, ఇచ్చిన మందులు, రేపటి పరీక్షలు మాత్రం మంచం దగ్గర చెప్పుకోవచ్చు. పక్కన ఎవరుండాలో రోగినే అడిగి, మిగతా బంధువులను కాసేపు బయట ఉండమనాలి. ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనాల్లో చాలామంది రోగులు ఈ పద్ధతిని మెచ్చుకున్నారు, కొందరు మాత్రం తాము వింటే చాలన్నారు. కాబట్టి మాట్లాడమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. సంతృప్తిని కొలవడంలో మరో చిక్కుంది. డిశ్చార్జి రోజున అడిగితే మనవాళ్లు మొహమాటపడి "బాగా చూసుకున్నారు" అనే అంటారు. దానికన్నా, ఈ పూట తమను చూసే సిస్టర్ ఎవరో, రేపు తమకు ఏ పరీక్ష ఉందో రోగికి తెలుసా అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

కడప, స్టాఫ్ నర్సు:
అలాగైతే మధ్యాహ్నం రెండు గంటల అప్పగింతకు ప్రయత్నించవచ్చు మేడమ్. రాత్రి ఎనిమిదింటికి, క్యారియర్లతో బంధువులంతా వచ్చే వేళ, వార్డంతటికీ ఒక్క సిస్టరే ఉన్నప్పుడు ఇది సాగదు. ముందు ఆ రెండో సిస్టర్‌ను ఇప్పించమనండి.