తాజా మాజీ: ఓడినవాడా, గడువు తీరినవాడా?

పేపర్లో 'తాజా మాజీ ఎమ్మెల్యే' అని చదువుతుంటే మా అబ్బాయి "తాజా ఏంటి నాన్నా, వంకాయలా?" అని నవ్వాడు. మొన్న ఓడిపోయినవాడు అని చెప్పాను. చెప్పాక నాకే అనుమానం వచ్చింది. అర్థం అంతేనా?

– కాదండి. 2018 సెప్టెంబర్ 6న కేసీఆర్ గారు అసెంబ్లీ రద్దు చేయగానే తెలంగాణలో ఎమ్మెల్యేలంతా ఒక్క పూటలో తాజా మాజీలైపోయారు. ఓడిందెవరు? ఎవరూ లేరు. డిసెంబర్‌లో టీఆర్ఎస్‌కు 88 సీట్లొచ్చాయి, చాలామంది మళ్లీ ఎమ్మెల్యేలయ్యారు. అలాగే 2024 ఫిబ్రవరి మొదట్లో గడువు తీరిన సర్పంచులనూ తాజా మాజీలనే రాశారు. పదవి ఈమధ్యే పోయింది అన్నంతవరకే ఈ మాట చెబుతుంది, ఎలా పోయిందో చెప్పదు.

– మరి 'యాంటీ ఇంకంబెన్సీ'కి (పదవిలో ఉన్నవాళ్ల మీద జనానికి ఉండే వ్యతిరేకతకి) 'ప్రభుత్వ వ్యతిరేకత' అనే మాట సరిపోతుందా? నాకైతే సగమే అనిపిస్తుంది. 2023లో బీఆర్ఎస్ ఒకేసారి 115 మంది పేర్లు ప్రకటించి, ఏడుచోట్లే సిట్టింగులను మార్చింది. చివరికి 39 సీట్లే వచ్చాయి. "సర్కారు మీద కాదు, మా ఎమ్మెల్యే మీదే కోపం" అన్నవాళ్లు మా వైపు ఎంతోమంది. ఆ కోపం 'ప్రభుత్వ వ్యతిరేకత'లో ఇమడదు. 'ఎదురుగాలి' అంటే రెండూ వస్తాయి.

– ఏపీలో 2024లో వైసీపీ 151 సీట్ల నుంచి 11కి పడిపోతే దాన్ని గాలి అంటారా, తుఫాను అనాలి గానీ! (మధ్యలో 5 ఎగిరిపోయిందని అప్పట్లో జోకు.)

– రాజకీయం వద్దు, మాట దగ్గరే ఉందాం. తాజా పారసీ, మాజీ అరబ్బీ. రెండూ ఉర్దూ మీదుగానే మనకు వచ్చాయి. ఉర్దూ వ్యాకరణంలో మాజీ అంటే భూతకాలం. పదవి పోయినవాడికి ఇంత చక్కని జంటమాట దొరికింది గానీ, పదవిలో ఉన్నవాడికి మాత్రం 'సిట్టింగ్' అని ఇంగ్లీషే దిక్కయింది. 'ప్రస్తుత ఎమ్మెల్యే' ఉంది గానీ నోటికి రాదు.

– మాజీకి ఎదురుమాట ఉర్దూలోనే ఉందండి: హాలీ. నిజాం కాలపు 'హాలీ సిక్కా' అంటే ఇప్పుడు చెల్లే నాణెం అనే. 'హాలీ ఎమ్మెల్యే' అనొచ్చు కదా?

– అనొచ్చు. జనం ఖాళీ ఎమ్మెల్యే అనుకుంటారు.