హాంప్‌డెన్‌ను 'జమీందారు' అనవచ్చా?

ప్రశ్న: పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్ రాజకీయాలపై ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. పార్లమెంటు సభ్యుడు జాన్ హాంప్‌డెన్ (1595–1643)ను పరిచయం చేసే వాక్యంలో 'జెంట్రీ' (ప్రభువులకు కింది మెట్టులోని భూస్వాముల వర్గం) దగ్గర కలం ఆగిపోయింది. 'జమీందారీ కుటుంబం' అని రాయవచ్చా?

జవాబు: వద్దండి. మన జమీందారు రైతుల దగ్గర శిస్తు రాబట్టి సర్కారుకు పేష్కష్ (కప్పం) చెల్లించేవాడు. ఆ మాట వినగానే వసూలే గుర్తొస్తుంది. హాంప్‌డెన్ పేరు నిలిచిందేమో కట్టనన్న పన్ను వల్ల! ఓడల పన్ను యుద్ధ సమయంలో తీరప్రాంతాల వారు నౌకాదళం కోసం ఇచ్చేది. రాజు మొదటి చార్లెస్ 1635లో పార్లమెంటును అడగకుండానే దాన్ని లోపలి జిల్లాల మీదా వేశాడు. హాంప్‌డెన్‌ది బకింగ్‌హామ్‌షైర్, అక్కడ సముద్రమే లేదు. స్టోక్ మాండెవిల్‌లోని భూమికి ఆయన వంతు 20 షిల్లింగులు, అంటే ఒక్క పౌండు. అంతటి ఆస్తిపరుడికి అది లెక్కలోనిది కాదు. అయినా కట్టలేదు, విచారణకు నిలబడ్డాడు. 1638లో 12 మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు రాజు వైపు, ఐదుగురు ఆయన వైపు తీర్పు చెప్పారు. రాజు గెలిచిన ఆ కేసులో ఐదుగురు ఎదురు తిరగడమే నాకు పెద్ద సంగతి.

మరొకరు: 'మోతుబరి' ఎలా ఉంటుంది? అచ్చంగా మన మాట.

జవాబు: మోతుబరిలో ఆస్తి ఉంది, పెత్తనం లేదు. జెంట్రీకి ప్రభువుల సభలో చోటు లేకపోయినా, జీతం లేని మేజిస్ట్రేటులుగా జిల్లాల్లో తగవులు తీర్చింది వాళ్లే, కామన్స్ సభలో ఎక్కువమందీ వాళ్లే. నాకు 'పెద్దమనిషి' నచ్చుతుంది. 'పెద్దమనుషుల్లో పెట్టారు' అంటే తగవు ఎవరి ముందుకు వెళ్లిందో ఎవరూ విడమరచి చెప్పక్కరలేదు. 1956 నాటి ఒప్పందాన్నీ 'పెద్దమనుషుల ఒప్పందం' అనే కదా అన్నాం. ఒకటే లోటు, మన పెద్దమనిషికి పొలం ఉండి తీరాలని లేదు. ముందు 'భూవసతి గల' అని చేర్చండి.

ప్రశ్న అడిగినవారు: 'భూవసతి గల పెద్దమనుషుల కుటుంబం' అని మార్చి, వ్యాసమంతా మళ్లీ చదివాను. తర్వాతి అంతర్యుద్ధంలో చాల్‌గ్రోవ్ దగ్గర రాజు సైన్యంతో పోరులో గాయపడి, ఆరు రోజులకు థేమ్ పట్టణంలో కన్నుమూసిన చోట కూడా ఆ మాట ఆయనకు అతికినట్టే ఉంది. 'జమీందారు'ను మొదటి పేజీలోనే కొట్టేశాను.