ఎల్‌టీఎన్‌లు: కెమెరా దగ్గర బ్లూ బ్యాడ్జ్ ఉన్నవాళ్లను పోనిస్తే చాలా?

తూర్పులండన్:
కొత్తగా వచ్చినవాళ్ల కోసం: ఎల్‌టీఎన్ (లో ట్రాఫిక్ నైబర్‌హుడ్) అంటే వీధికి అడ్డంగా పూలతొట్లో, బొల్లార్డులో, కెమెరానో పెట్టి, ఆ పేట గుండా దొడ్డిదారిన పోయే బండ్లను ఆపడం. లండన్‌లో 2020 కోవిడ్ రోజుల్లో ఒక్కసారిగా పెరిగాయి. వికలాంగులకు పార్కింగ్ కోసం ఇచ్చే బ్లూ బ్యాడ్జ్ ఉంటే చాలా కౌన్సిళ్లు కెమెరా దాటడానికి మినహాయింపు ఇస్తున్నాయి కదా, ఇంకా గొడవెందుకు?

క్రాయిడన్_అక్క:
బ్యాడ్జ్ మనిషికిచ్చేది, బండికి కాదు. ఎవరి కారెక్కితే ఆ కారులో పెట్టుకోవచ్చు. కెమెరా చదివేది మాత్రం నంబర్ ప్లేటు. పైగా బ్యాడ్జ్ హక్కులు ప్రధానంగా పార్కింగ్‌వి. కెమెరా దాటాలంటే కౌన్సిల్ తన ట్రాఫిక్ ఆర్డర్‌లో విడిగా రాయాలి, మనం విడిగా అప్లై చేసి నంబర్ ఎక్కించుకోవాలి. అదీ కొన్నిచోట్ల సొంత పేట కెమెరాలకే. 2021లో ఇస్లింగ్టన్ మొదట ఇచ్చింది అలాంటిదే. పక్క బరోలో (వేరే కౌన్సిల్ పరిధిలో) ఆస్పత్రికి వెళ్తే ఆ నంబర్ చెల్లదు. ఫైన్ ఇప్పుడు 160 పౌండ్లు, 14 రోజుల్లో కడితే సగం.

గోదారి_మావ:
అక్కా, ఎల్‌టీఎన్‌లో ఏ గుమ్మం ముందుకైనా కారు వెళ్తుంది. చుట్టు తిరగాలి, అంతే.

క్రాయిడన్_అక్క:
ఆ "అంతే"కి మీటరు తిరుగుతుంది మావ గారూ. వికలాంగుల టాక్సీ రాయితీ పథకం టాక్సీకార్డ్‌లో సబ్సిడీ కొంతవరకే, పైన తిరిగింది ప్రయాణికుడి జేబులోంచే. ఇంటికొచ్చి సాయం చేసే కేరర్ విజిట్ అరగంట, కొందరికి పావుగంటే. ఎల్‌టీఎన్ చుట్టూ ఉండే సరిహద్దు రోడ్డు మీద ఇరుక్కుంటే ఆ నిమిషాలు ఎవరి స్నానంలోంచి, ఎవరి భోజనంలోంచి పోతాయి?

బొల్లార్డ్:
కెమెరా సరే. పూలతొట్టికి మినహాయింపు ఎలా ఇస్తారు? అది నంబర్ చదవదుగా.

గోదారి_మావ:
మంచి ప్రశ్న. అక్కడ చూడాల్సింది తొట్ల మధ్య వదిలే సందు వెడల్పు. 2020 ప్రభుత్వ సైకిల్ మార్గదర్శకం 1.5 మీటర్లు వదలమంటుంది, ఎందుకంటే లెక్కలోకి తీసుకునే సైకిల్ 1.2 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల పొడవు. చేత్తో తిప్పే ట్రైక్ అందులో పడుతుంది. వికలాంగులు వాడే క్లాస్ 3 మొబిలిటీ స్కూటర్ కూడా. అది రోడ్డు మీద గంటకు 8 మైళ్లు పోవచ్చు, పేవ్‌మెంట్ మీద 4. అయితే తొట్టిని డ్రాప్ కెర్బ్ (చక్రాలు ఎక్కడానికి పేవ్‌మెంట్ అంచు దించిన చోటు) ఎదురుగా దించితే సందు ఎంత వదిలినా దండగ. కెర్బ్ అంచు 6 మిల్లీమీటర్లు మించినా ముందు చక్రం తట్టుకుంటుంది.

క్రాయిడన్_అక్క:
కేరర్ సంగతి అడిగితే ట్రైక్ కొలతలా! సూటిగా చెప్పండి. బ్యాడ్జ్ ఉన్న మనిషి కోసం వచ్చే ప్రతి బండికీ, అన్ని పేటల్లోనూ దారి ఇవ్వాలా, వద్దా?

గోదారి_మావ:
వద్దు. కొడుకు కారు, ఏజెన్సీ కేరర్ కారు, మినీక్యాబ్... చేర్చుకుంటూ పోతే ఆ వీధి మళ్లీ దొడ్డిదారే. డ్రాప్ కెర్బ్ లేక నడిరోడ్డు మీద స్కూటర్ నడిపే మనిషీ వికలాంగుడే. ఆయనకు కారు లేదు, బ్యాడ్జ్‌తో పనీ లేదు.

క్రాయిడన్_అక్క:
ఇప్పుడు బయటపడింది. ఆయన వీధి ప్రశాంతంగా ఉండాలంటే ఇంకో వికలాంగురాలు సరిహద్దు రోడ్డు మీద నొప్పితో కూర్చోవాలన్నమాట. ఆ రోడ్డు పక్కనే ఉండే, బస్సే దిక్కైన వాళ్ల మాట?

తూర్పులండన్:
ఇద్దరూ కాస్త నెమ్మది.

లా_పుస్తకం:
లాంబెత్‌లోని రెయిల్టన్ ఎల్‌టీఎన్ కేసు సరిగ్గా ఈ వికలాంగుల అంశం మీదే నడిచింది. 2021లో హైకోర్టు, 2022లో అప్పీల్ కోర్టు కౌన్సిల్ వైపే తీర్పిచ్చాయి. అది ప్రయోగాత్మక ట్రాఫిక్ ఆర్డర్ (ముందు పరీక్షగా పెట్టి చూసేది) కాబట్టి, 2010 సమానత్వ చట్టం 149వ సెక్షన్ కింద వికలాంగులపై ప్రభావం గురించి జరగాల్సిన పరిశీలన స్కీమ్ నడుస్తుండగా కొనసాగించవచ్చన్నారు. కనుక మొదటి 6 నెలల్లోనే అభ్యంతరం రాయండి, ఆర్డర్ గరిష్ఠ గడువు 18 నెలలు. "ఇబ్బందిగా ఉంది" అంటే పక్కన పడేస్తారు. ఏ ఫిల్టర్ (తొట్టి, బొల్లార్డు లేదా కెమెరా), ఏ గంటకు, పాత దారి ఎన్ని నిమిషాలు, కొత్తది ఎన్ని, మీటరు ఎంత: ఇవన్నీ రాయాలి.

క్రాయిడన్_అక్క:
అంటే తొట్టి ముందు, పరిశీలన తర్వాత. బాగుంది.

గోదారి_మావ:
తొట్టి కంటే ముందు డ్రాప్ కెర్బ్‌లు వేయాలంటే నేనూ సంతకం పెడతా. ప్రతి బండికీ గంపగుత్తగా అంటే పెట్టను.

బొల్లార్డ్:
ఆ 1.5 మీటర్లు తొట్టి అంచు నుంచి అంచుకా, మొక్కలు బయటికి పెరిగాక మిగిలేదా?