ఏప్రిల్‌లో మనాలి ట్రెక్: ఎండ కాస్తుంటే మంచు చరియల భయం ఉండదా?

ప్రశ్న (తిరుపతి):
అలిపిరి మెట్లు, తలకోన అడవి మాకు అలవాటే. ఏప్రిల్ మధ్యలో నలుగురం మనాలి పోయి హంప్టా పాస్ (కొండల మధ్య దారి, కనుమ) వైపు మంచులో నడవాలనుకుంటున్నాం. ఫోన్‌లో వెదర్ చూస్తే మనాలిలో అంతా ఎండే. అయినా అమ్మకు ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండన్నా.

జవాబు 1 (తిరుపతి):
హంప్టా మామూలుగా జూన్ నుంచి నడుస్తారు. ఏప్రిల్‌లో పాస్ ఇంకా మంచు కిందే ఉంటుంది. కింద లోయలో తిరిగి రండి, చాలు.

జవాబు 2 (చిత్తూరు, మాజీ సైనికుడు):
తమ్ముడూ, ఈ నెలల్లో ప్రమాదం తెచ్చేదే ఆ ఎండ. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు గడ్డకడుతుంది, తెల్లవారుజామున బూటు దిగదు. పొద్దెక్కేకొద్దీ కరిగిన నీరు లోపలికి ఇంకి పొరల మధ్య పట్టు వదులుతుంది. 2021 డిసెంబరులో వానలకు నానిన కొండ నుంచి మన తిరుమల ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డాయి కదా, అలాంటిదే ఇదీ. ముందు తూర్పు వాలు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. బూటు చీలమండ దాటి దిగుతోందంటే వెనక్కి తిరగండి. రాత్రంతా మబ్బు పట్టి ఉంటే మంచు సరిగా గడ్డకట్టదు, ఆ రోజు కదలొద్దు.

30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే చరియలు ఎక్కువగా జారతాయి. మీరు చదునైన చోట నడుస్తున్నా, పైన అలాంటి వాలుంటే అది మీ మీదికే వస్తుంది. టెంట్ వేసేటప్పుడు కూడా తలెత్తి చూడండి.

ఫోన్‌లో కనిపించేది 2,000 మీటర్ల ఎత్తులోని మనాలి ఊరి సంగతి. పాస్ 4,200 మీటర్లు దాటి ఉంటుంది. వెస్ట్రన్ డిస్టర్బెన్స్ (పడమటి నుంచి వానా మంచూ తెచ్చే వాతావరణం) వస్తే ఊళ్లో వాన, పైన కొత్త మంచు. అది పడ్డాక ఒకటి రెండు రోజులైనా ఆగాలి. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే అవలాంచ్ (మంచు చరియల) హెచ్చరికలు రోజూ చూడండి.

ప్రశ్న వేసినవారు:
థాంక్స్ అన్నా. గైడ్ తొమ్మిదికి బయలుదేరదాం అంటున్నాడు. మంచులో కూరుకుపోతే ఎక్కడున్నామో సిగ్నల్ ఇచ్చే బీకన్‌లు అక్కర్లేదట.

జవాబు 2:
వాలు మంచు మీద నడిచేటట్టయితే తొమ్మిదికల్లా ఆ వాలు దాటేసి ఉండాలి. మంచులో కూరుకుపోయిన మనిషిని పదిహేను నిమిషాల్లోపు తీస్తేనే బతికే ఆశ ఎక్కువ. అంతలోపు బయటినుంచి ఎవరూ రాలేరు, తీయాల్సింది పక్కనున్న స్నేహితుడే. అందుకే నలుగురి దగ్గరా బీకన్, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి, వాడటం కూడా రావాలి. అవి వద్దనే గైడ్‌తో పోవద్దు. అమ్మకు కూడా ఇదే చెప్పు.