కంటి మెలనోమా కాలేయానికి పాకాక నాలుగు మందుల కీమోకు అర్థముందా?

గౌతమీతీరం:
మా పెదనాన్నగారికి ఆరేళ్ళ క్రితం మెలనోమా (రంగు కణాల క్యాన్సర్) వల్ల ఎడమ కన్ను తీసేశారు. ఇప్పుడు కాలేయంలో గడ్డలు బయటపడ్డాయి. చర్మ మెలనోమాకు వాడిన బ్లియోమైసిన్, విన్‌క్రిస్టిన్, లోముస్టిన్, డకార్బజిన్ అనే నాలుగు కీమో మందులకు, రోగనిరోధక శక్తిని ప్రేరేపించే ఇంటర్‌ఫెరాన్‌ను జోడించిన ‘బోల్డ్’ చికిత్స గురించి చదివాను. ఒక్క మందుకు లొంగని జబ్బు నాలుగింటికి లొంగదా? దీన్ని ఎందుకు పక్కన పెట్టారు?

పరిశీలకుడు:
తొలి చిన్న ప్రయత్నాల్లో కొందరి గడ్డలు తగ్గడంతో, ఐరోపా పరిశోధకులు దీన్ని 24 మంది రోగులపై పద్ధతి ప్రకారం పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. గడ్డలు చెప్పుకోదగినంతగా తగ్గినవారు ఒక్కరూ లేరు. జబ్బు నిలకడగా ఉన్నవారు ఇద్దరే. పేరు ఒకటైనా ఇవి వేర్వేరు జబ్బులు: చర్మపు రకంలో తరచూ కనిపించే బీరాఫ్ జన్యువు మార్పు కంటి లోపలి రకంలో దాదాపు ఉండదు, దాని బదులు జీఎన్ఏక్యూ, జీఎన్ఏ11 జన్యువుల్లో మార్పులుంటాయి. నిజానికి చర్మ మెలనోమాలోనూ కీమో సాధించింది అంతంతమాత్రమే.

నల్లరేగడి:
ఆ 24 మంది మధ్యస్థ జీవితకాలం 10.6 నెలలని అదే నివేదిక చెబుతోంది. గడ్డ తగ్గకపోయినా ఆయుష్షు పెరిగి ఉండవచ్చు కదా. పైగా ఖరీదైన కొత్త మందులు అందనివారిని ‘చేయగలిగిందేమీ లేదు’ అని పంపించేయమంటారా?

పరిశీలకుడు:
ఆ పది నెలలను మందుల ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను. ఆ పరీక్షలో పోల్చి చూడటానికి మరో వర్గమే లేదు. క్రమం తప్పకుండా కాలేయానికి స్కాన్ చేయించుకునేవారిలో జబ్బు ముందే దొరుకుతుంది గనుక, అక్కడి నుంచి లెక్కించిన కాలం దానంతట అదే పొడవుగా కనిపిస్తుంది. ఫోటెముస్టిన్ అనే మరో కీమో మందు పరీక్షనే చూడండి: 171 మందిని రెండు వర్గాలు చేస్తే, మందును కాలేయ ధమనిలోకి ఎక్కించినవారిలో 10.5 శాతానికి, సిరలోకి ఎక్కించినవారిలో 2.4 శాతానికి గడ్డలు తగ్గాయి, అయినా ఆయుష్షులో తేడా రాలేదు.

ఖర్చు మాటను మాత్రం కాదనలేను. టెబెంటాఫస్ప్ అనే కొత్త మందుపై 378 మందితో జరిగిన పరీక్షలో, ఆ మందు పొందినవారిలో ఏడాది బతికినవారు 73 శాతం, ఇతర చికిత్సలు పొందినవారిలో 59 శాతం. అయితే ఆ మందు హెచ్ఎల్ఏ (కణాల పైన ఉండే, వంశపారంపర్యంగా వచ్చే గుర్తు) ఏ02:01 రకం ఉన్నవారికే. మన దక్షిణాదివారిలో ఆ ఏ2 కుటుంబపు గుర్తు ఉన్నా అది తరచు 02:11 రకం.

గౌతమీతీరం:
నాలుగు మందుల ఆశ నా మనసులోంచి ఇంకా పూర్తిగా పోలేదు. అయినా రేపు డాక్టరుగారిని ముందు అడిగేది హెచ్ఎల్ఏ పరీక్ష గురించి, ఆ తరువాత గడ్డలు కాలేయం దాటాయో లేదో.