సర్వర్ గదిని సెల్లార్‌లో పెట్టమంటున్నారు, కర్నూలులో పెట్టొచ్చా?

నల్లరేగడి:

అందరికీ నమస్కారం. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకుంటాను. 60 పడకలు. ఐటీ అంటే నేను, నాకు తోడు ఒక కుర్రాడు, అంతే. సర్వర్లు బిగించే ఇనుప చట్రం, అదే ర్యాక్, ఒకటే; అందులో నాలుగు సర్వర్లు. బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రేలు, స్కానింగులు అన్నీ వాటిలోనే.

పక్కన కొత్త బ్లాక్ కడుతున్నారు. సర్వర్ గదిని దాని సెల్లార్‌లోకి దించమని మా యజమాని అంటున్నారు. కింద చల్లగా ఉంటుంది, ఏసీ బిల్లు తగ్గుతుంది, పై గదులు పేషెంట్లకు పనికొస్తాయని ఆయన లెక్క. జనరేటర్ కూడా ర్యాంప్ పక్కనే పెడతారట. తుఫాన్లు విశాఖకో నెల్లూరుకో గానీ మనకెందుకు వస్తాయి అంటున్నారు. 2009 వరదప్పుడు నేను ఆరో తరగతి. మా వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో కళ్లముందే ఉంది. అక్టోబర్ దగ్గరికొచ్చే కొద్దీ టెన్షన్‌గా ఉంది. ఆయనకు ఏం చెప్పి ఒప్పించాలి? గది పైకి మారిస్తే సరిపోతుందా?

పాతలెడ్జర్:

తమ్ముడూ, సెల్లార్ వద్దు. ఎందుకో నా కథే చెప్తాను.

2009లో నేను ఇదే ఊళ్లో ఒక చిన్న పొదుపు సొసైటీలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. అక్టోబర్ 2, గాంధీ జయంతి, ఆఫీసుకు తాళం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలంలోకి 25 లక్షల క్యూసెక్కుల వరద వస్తోంది, 885 అడుగుల పూర్తి మట్టం ఎప్పుడో దాటిపోయింది. నీళ్లు వెనక్కి ఎగదన్నాయి. మన నెత్తిన కురిసిన వాన కన్నా పైనుంచి వచ్చిన నీళ్లే ఊరిని ముంచాయి. మీ యజమానికి ముందు ఇది చెప్పు. వాన పడుతోందా లేదా అని కిటికీలోంచి చూస్తే మనకు తెలియదు.

నీళ్లు తీసి తలుపు తెరిచేసరికి గదిలో మోకాటిలోతు బురద. సర్వర్ టేబుల్ కింద నేల మీద ఉండేది. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బి పగిలాయి. బ్యాకప్ సీడీలు తీసేవాడిని, ఒక్క నెల కూడా మానలేదు. అవి అదే గదిలో, బీరువా అడుగు అరలో. హార్డ్ డిస్క్ హైదరాబాద్ పంపితే ఏమీ రాలేదు. చివరికి సభ్యుల దగ్గరున్న పాస్‌బుక్కులు తెమ్మన్నాం. అవీ తడిసిపోయినవే. మేడ మీద ఒక్కో పేజీ విప్పి, గాలికి ఎగరకుండా రాళ్లు పెట్టి ఆరబెట్టి, ఆ అంకెలు చూసి లెడ్జర్ మళ్లీ రాశాం. నాలుగు నెలలు పట్టింది. కూలికి పోయి దాచుకున్న ఆడవాళ్లు రోజూ వచ్చి "సారూ, నా లెక్క దొరికిందా" అని అడిగేవాళ్లు. సిరా పూర్తిగా కారిపోయిన పుస్తకాలకు వాళ్ల నోటి మాటే ఆధారం. ఆ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. మీ దగ్గరున్నవి డబ్బు లెక్కలు కూడా కాదు, రోగుల రిపోర్టులు.

ఇక నీ రెండో ప్రశ్న. గది ఒక్కటి పైకి ఎక్కిస్తే చాలదు. 2012 అక్టోబర్ 29న శాండీ తుఫాను న్యూయార్క్‌ను కొట్టినప్పుడు మన్‌హటన్ బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక భవనంలో సర్వర్లు 17వ అంతస్తులో ఉన్నాయి. వాటికి చుక్క నీరు తగల్లేదు. కానీ పైనున్న జనరేటర్‌కు డీజిల్ ఎక్కించే పంపు బేస్‌మెంట్‌లో మునిగిపోయింది. జనం వరసగా నిలబడి మెట్ల మీదుగా బకెట్లతో డీజిల్ మోసి సర్వర్లను నడిపారు. ఆ చుట్టుపక్కలే బేస్‌మెంట్ మునిగిన ఇంకో డేటా సెంటర్ ఆగిపోతే పెద్ద పెద్ద వార్తల సైట్లు మూగబోయాయి.

కాబట్టి ఒక సాయంత్రం సుద్దముక్క పట్టుకొని జనరేటర్ దగ్గర మొదలుపెట్టి కేబుల్ వెంట ర్యాక్ దాకా నడువు. డీజిల్ ట్యాంకు, పంపు, కరెంటు పోతే జనరేటర్‌కు మార్చే ప్యానెల్, యూపీఎస్, ఫైబర్ లోపలికొచ్చే పెట్టె, ఏసీ అవుట్‌డోర్ యూనిట్. ఒక్కోటి నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తున ఉందో గోడ మీద రాయి. వాటిలో అన్నిటికన్నా కింద ఉన్నదే నీ సర్వర్ ఎత్తు అనుకో. 2009లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చుట్టుపక్కల పాత ఇళ్లవాళ్లను అడుగు, చెయ్యి పెట్టి చూపిస్తారు.

ఇంకొకటి, ఇది చాలామంది మరచిపోతారు. అర్ధరాత్రి నీళ్లు గేటు దాటాయనుకో, సర్వర్లు ఆపే అధికారం ఎవరిది? నువ్వు యజమానికి ఫోన్ చేస్తూ కూర్చుంటే కాలం గడిచిపోతుంది. గేటు దగ్గర ఒక గీత గీయించు, ఆ గీత తాకితే డ్యూటీలో ఉన్నవాడే పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేసి కరెంటు కట్ చేయొచ్చని కాగితం మీద సంతకం పెట్టించుకో. తడిసిన మిషన్‌ను మాత్రం పని చేస్తుందేమో అని ఎవరూ ఆన్ చేయకూడదు.

ఎర్త్‌పిట్_కడప:

పైన అన్న చెప్పినదానికి కరెంటు పనివాడిగా కొంచెం కలుపుతాను. తుఫాను మనకెందుకు అన్నవాళ్లకు 2021 నవంబర్ 19 గుర్తుచేయండి. వాయుగుండం తీరం దాటింది చెన్నై వైపు. ఇక్కడ అప్పటి మా కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి.

జనరేటర్‌ను ఊరికే పది నిమిషాలు తిప్పి బాగుందంటారు. అది పరీక్ష కాదు. నెలకోసారి మెయిన్ ఆపి ఆసుపత్రి లోడ్ మొత్తం దాని మీద వేసి గంటసేపు నడపండి. నేను చూసినంతలో అవసరానికి స్టార్ట్ కాని జనరేటర్లలో ఎక్కువ వాటికి రోగం స్టార్టర్ బ్యాటరీదే. నెలల తరబడి నిలవ ఉన్న డీజిల్ అడుగున నీరు చేరుతుంది, అది తీయించకపోతే ఫిల్టర్ మూసుకుపోయి సరిగ్గా వాన రాత్రే ఆగుతుంది.

మన సీమలో వరద కన్నా తరచుగా దెబ్బకొట్టేది పిడుగు. మెయిన్ ప్యానెల్‌కు సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగిసే కరెంటును అడ్డుకునేది) పెట్టి, బయటి సీసీ కెమెరా వైరును వదిలేస్తారు. పిడుగు ఆ వైరు వెంటే వచ్చి నెట్‌వర్క్ స్విచ్‌లు కాలిపోతాయి. రెండు బ్లాకుల మధ్య నెట్‌వర్క్‌కు రాగి వైరు వద్దు, ఫైబర్ వేయండి. ఎర్తింగ్ రీడింగ్ (కరెంటు నేలలోకి ఎంత తేలిగ్గా దిగుతుందో చూసే కొలత) వానలప్పుడు తీస్తే అందంగా వస్తుంది. మే నెలలో నేల ఎండి బీటలు వారినప్పుడు తీయండి, అసలు సంగతి తెలుస్తుంది.

వంకపక్కిల్లు:

మాది అనంతపురం. కరువు జిల్లా, మాకు వరదేంటి అనుకున్నవాళ్లమే. 2022 అక్టోబర్‌లో నడిమివంక వాగు పొంగి కాలనీలు మునిగాయి. మా ఆఫీసుకు రెండు కంపెనీల ఇంటర్నెట్ ఉండేది, రెండూ పోయాయి. తర్వాత చూస్తే రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీదుగా వచ్చాయి. కంపెనీలు రెండు కాదు, దారులు రెండు ఉండాలి.

నల్లరేగడి:

మీ అందరికీ చానా థ్యాంక్స్. నిన్న సుద్దముక్కతో నడిచాను. ఇప్పుడున్న మార్పిడి ప్యానెల్ నేలకు అడుగున్నర, ఫైబర్ పెట్టె అడుగు కూడా లేదు. ఎదురింటి పెద్దాయన 2009 నీటి గుర్తు చూపించారు, నా తల మీదికి ఉంది. అక్కడ నిలబడి ఫోటో తీసుకొని యజమానికి చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ర్యాక్‌కు రెండో అంతస్తులో ల్యాబ్ పక్క గది ఇస్తామన్నారు. జనరేటర్, ప్యానెల్ ఎత్తించడానికి ఎస్టిమేట్ అడిగారు. బ్యాకప్ డిస్క్ ఎలాగూ ప్రతి శనివారం పాస్‌వర్డ్ లాక్ వేసి మా ఇంటికి తీసుకెళ్తాను.

పాతలెడ్జర్:

మంచి పని చేశావు. మీ ఇల్లు ఎక్కడ?

నల్లరేగడి:

పాత ఊళ్లో, హంద్రీకి దగ్గర. అన్నా, అర్థమైంది. మా అక్కావాళ్లది డోన్. ఈ ఆదివారం ఒక డిస్క్ తీసుకెళ్లి వాళ్ల బీరువాలో పై అరలో పెట్టి వస్తాను.